కడగని మందుపంపు

బయట ఈరమ్మ తలమీద నీళ్లు పోసుకుంటున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

ఒక చెంబు. మళ్లీ ఒక చెంబు. కట్టుకున్న చీరతోనే పోసుకుంటోంది. ఆ తడిచీరతోనే పోచమ్మ గుడిదాకా నడవాలి. పాల్మాకుల ఊరి ముందర నిలబడి, తన వంగతోటకు కొట్టకూడని మందు కొట్టలేదని ప్రమాణం చేయాలి. నియమాల ప్రకారం కూరగాయలు పండించి ఒకే కేంద్రానికి అమ్మే గ్రూపు రైతులంతా నిన్న కూర్చుని తేల్చిన మాట అది.

ఆ గ్రూపుకు లీడరు మల్లేశ్వర్. ఈరమ్మకు సొంత తమ్ముడు. నిన్న ఆ మాటకు తలూపిన వాళ్లలో అతనూ ఉన్నాడు.

“వినవడ్తుందా?” అంది అరుణ. గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. చేతిలో చాయ్ గ్లాసు చల్లారిపోయింది.

మల్లేశ్వర్ అంగీ గుండీలు పెట్టుకుంటున్నాడు. పైది కిందికి, కిందిది పైకి పడుతున్నాయి.

“నిన్నే అడుగుతున్న. మీ అక్క నీళ్లు పోస్కుంటుంది, వినవడ్తుందా లేదా?”

“మెల్లగ మాట్లాడు.”

“మెల్లగనే మాట్లాడుతున్న. గట్టిగ మాట్లాడేటట్టుంటే ఇన్ని దినాలు ఆగుదునా?”

అతను భార్య ముఖం చూడలేదు. చూస్తే ఆ ఉదయం గుర్తొస్తుంది. ఇంకా చీకటి విడవకముందే అతను పంపు వీపున కట్టుకుని తోటలోకి పోవడం చూసింది అరుణ ఒక్కతే.

పైనుంచి పెద్దమనుషులు అతని ఆదర్శ తోట చూడ్డానికి వస్తున్నారని కబురు వచ్చిన వారం అది. సరిగ్గా అప్పుడే వంగకు కాయపుచ్చు పట్టింది. ఏ కాయ కోసినా లోపల పురుగే. రెండేళ్లుగా శిక్షణలో అందరికీ పాఠాలు చెబుతున్న మనిషి, తన తోటలో పుచ్చిన కాయలు ఎట్లా చూపిస్తాడు? శంషాబాద్‌లో తనను ఎరగని దుకాణం వెతుక్కుని, వాడొద్దని తానే పదిమందికి చెప్పిన మందు కొనుక్కొచ్చాడు. కొట్టాడు. అంతలో బోరుకు కరెంటు వచ్చింది. మళ్లీ ఎప్పుడు పోతుందో తెలియదు. పంపు అక్క గడపలో దించి, మోటరు వేయడానికి పరుగెత్తాడు. పంపు ఇద్దరిదీ. దాన్ని కడగలేదు.

మధ్యాహ్నం ఈరమ్మ అదే పంపులో వేపగింజల కషాయం పోసుకుని తన మడులకు కొట్టింది.

తరువాత కొనుగోలు కేంద్రం వాళ్లు వచ్చి, ఎవరెవరి తోటల్లోనో కాయలు కోసి పరీక్షకు పంపారు. మల్లేశ్వర్ తోటకు రాలేదు. ఈరమ్మ తోటకు వచ్చారు. ఆమె కాయల్లో మందు తేలింది.

కడగడం మరిచిపోయానని మల్లేశ్వర్ తనకు తాను చెప్పుకున్నాడు. అది నిజమే. కానీ గుర్తొచ్చాక కూడా నోరు విప్పలేదు. దానికి ఏ పేరు పెట్టుకోవాలో మాత్రం అతనికి తెలియలేదు.

“చెప్తే ఏమైతదో నీకు ఎరుకనేనా?” అన్నాడు గొంతు తగ్గించి. “ఎవరో ఒక రైతు తప్పు జేస్తే గా ఒక్క పేరు తీసేస్తరు. లీడరే జేస్తే గ్రూపే రద్దు. అందరి తోటలు చూసి బాగున్నయని చెప్పేది నేను గద. నన్నే నమ్మకపోతే ఇగ ఎవ్వరి మాలు దించుకోరు. ఇన్ని ఇండ్లు ఏం గావాలె?”

“ఇండ్ల గురించేనా నీ పరేషాన్?”

అతను గుండీ విప్పి మళ్లీ పెట్టుకున్నాడు.

“గా పెద్దమనుషులు నీ మెడల శాలువ ఏసిన దినం గీ ఇండ్లు యాదికి రాలేదా?” అంది అరుణ. గ్లాసులో చాయ్ వాకిట్లో పారబోసింది.

బయట చెంబు చప్పుడు ఆగిపోయింది.

*

పోచమ్మ గుడి చుట్టూ ఇప్పుడు పొలాలు లేవు. ప్లాట్లకు పాతిన తెల్లరాళ్లు ఉన్నాయి. వాటి నడుమ పసుపు పూసిన గద్దె, మీద ఒక రేకు కప్పు. ఆ రాళ్ల మీదే గ్రూపు రైతులు కూర్చుని ఉన్నారు.

ఈరమ్మ వచ్చింది. చీర ఒంటికి అంటుకుపోయి ఉంది. జుట్టునుంచి నీళ్లు కారుతున్నాయి. యాభై దాటిన మనిషి. మొగుడు పోయినా మూడు మళ్లు అమ్ముకోకుండా నిలబెట్టుకుంది. ఆమె బోరు నీళ్లే తమ్ముడి తోటకూ పారతాయి. నలుగురి ముందు ఇట్లా నిలబడాల్సి రావడం ఆమెకు ఇదే మొదలు.

ఈశ్వరయ్య లేచాడు. గ్రూపులో గొంతు పెద్దది అతనిదే. మనసు చెడ్డది కాదు.

“ఈరమ్మక్కా, నీ మీద మాకు కోపం లేదు. జర అర్థం చేస్కో. కేంద్రం మేడం రేపు అడుగుతది. నువ్వు కొట్టలేదంటే నీ తోటలకు మందు యాడికెళ్లి వచ్చినట్టు? గాలికొచ్చిందా? మాలో ఎవరన్నా తెచ్చి పోసిర్రా? నువ్వు తల్లి ముందర కాదని చెప్పు, మేం నమ్ముతం. నమ్మినంక ఇగ అది ఎవలదో వెతుకుతం. ఏదన్నొకటి తేలాలె గద.”

ఆ మాటకు ఈరమ్మ తలెత్తింది. చూపు ఒక్కసారి తమ్ముడి మీదికి వచ్చి, అక్కడ నిలవకుండా గద్దె మీదికి పోయింది.

మల్లేశ్వర్‌కు అర్థమైంది. ఆమెకు తెలుసు. ఎప్పటినుంచి తెలుసో గానీ, తెలుసు.

“ఈడికొచ్చి చెయ్యి పెట్టు అక్కా,” అన్నాడు ఈశ్వరయ్య.

ఈరమ్మ గద్దె దగ్గరికి నడిచింది. చెయ్యి చాచింది. గద్దెను తాకకుండానే వెనక్కి తీసుకుంది.

“ప్రమాణం ఏం అక్కర్లే,” అంది. “నేనే కొట్టిన.”

ఈశ్వరయ్య ఒకడుగు ముందుకు వేశాడు.

“ఏంది?”

“కాయపుచ్చు పట్టింది. ఆశపడ్డ. కొట్టిన.”

“ఏం మందు అక్కా? యాడ కొన్నవ్?”

“యాదికి లేదు. సదువొచ్చిన దాన్నా పేరు యాదుంచుకునెటందుకు?”

ఆడవాళ్లలో ఎవరో ఛీ అన్నారు. అమృతమ్మ ముక్కు మీద వేలేసుకుంది. “అందరి కడుపు కొడ్తివి గదనే ఈరమ్మా,” అంది. “నీకు కాయలు పుచ్చిపోతే మాకు పుచ్చలేదా? మేం ఓర్సుకోలేదా?”

“అక్కా,” అన్నాడు మల్లేశ్వర్.

ఆ మాట అతను అందామనుకుని అనలేదు. అదే జారింది. అందరూ ఇటు తిరిగారు. ఈశ్వరయ్య తిరిగాడు. అరుణ తిరిగింది. రెండో మాటకోసం అందరూ చూస్తున్నారు.

“ఏంది తమ్మీ?” అంది ఈరమ్మ.

మల్లేశ్వర్ చూపు ఆమె తడిచీర మీద పడింది.

“ఏం లేదు,” అన్నాడు. “సలి పెడ్తది. ఇంటికి పో.”

*

కేంద్రం మేడం మాధవీలత ఆ మర్నాడే వచ్చింది. గుంటూరు వైపు మనిషి. రైతులకు శిక్షణ ఇవ్వడం, వాళ్లు నియమాలు పాటిస్తున్నారో లేదో చూడడం ఆమె ఉద్యోగం. జరిగింది విని, “చాలా బాధగా ఉందండీ,” అంది. ఈరమ్మ కాయలు ఇకనుంచి కేంద్రంలో దించుకోరని చెప్పింది. మిగతావాళ్ల మాలు ఎప్పట్లాగే తీసుకుంటారట. గ్రూపంతా ఊపిరి పీల్చుకుంది.

“మీరు చాలా నిష్పక్షపాతంగా వ్యవహరించారు మల్లేశ్వర్ గారూ,” అందామె. “సొంత అక్కగారైనా సరే.”

అతను చేతులు కట్టుకుని నిలబడి ఆ పొగడ్త విన్నాడు.

ఈరమ్మ గంప ఎత్తుకుని రోడ్డు మీదికొచ్చింది. ఎయిర్‌పోర్టు దిక్కు మలుపు తిరిగే చోట గోనెసంచి పరిచి వంకాయలు కుప్పలు పోసింది. కార్లు ఆగకుండా పోతున్నాయి. ఆగినవాళ్లలో ఊరివాళ్లుంటే మొదటి మాట ఒకటే. “ఇవి మందు కొట్టినయేనా?” వారం తిరక్కుండానే ఆమెకు మందుల ఈరమ్మ అని పేరు పడింది.

ఆ దారినే మల్లేశ్వర్ ట్రాలీ ఆటోలో కాయలు వేసుకుని కేంద్రానికి పోవాలి. వేరే దారి లేదు. మొదటిరోజు తల తిప్పుకుని పోయాడు. రెండోరోజు ఫోన్ మాట్లాడుతున్నట్టు చెవికి పెట్టుకుని పోయాడు. మూడోరోజు చేతులే బ్రేకు వేశాయి.

“ఈడ ఆపకు,” అంది ఈరమ్మ తలెత్తకుండానే. “నీ బండి ఆగితే నీ కాయలు గూడ గిట్లనే అనుకుంటరు.”

“అక్కా, నేను మేడంకు చెప్తా.”

“ఏం చెప్తవ్?”

తన అక్క ముందు, ఎవరూ వినని రోడ్డు మీద కూడా ఆ మాట గొంతు దాటలేదు.

ఈరమ్మ ఒక కాయ తుడిచి కుప్ప మీద పెట్టింది. “పంపు మూత తీసిన నాడు ఏదో వాసనొచ్చింది. నువ్వు కడగకుంట ఇస్తవని నాకెట్ల అనిపిస్తది? మందు కొట్టినంక పంపు మూడుమాట్లు కడగాలె అని నాకు నేర్పింది నువ్వాయె. కషాయమే వాసనొస్తుందనుకున్న.”

అతని చూపు రోడ్డు మీద పడింది.

“ఇగ పో,” అంది. “నేను ఒక్కదాన్ని. నా కాయలు ఈడ అమ్ముకుంట. గా ముచ్చట మళ్ల తియ్యకు. తీస్తే నేను తల్లి ముందర ఆడిన మాటకు ఇజ్జత్ ఉండది.”

అతను పోయాడు. పోగలిగినందుకు ముందు తేలిగ్గా అనిపించింది. ఆ తేలిక తెలిసిన తరువాత దారి పొడుగునా తల ఎత్తలేకపోయాడు. కేంద్రంలో కుర్రవాళ్లు అతని వంకాయలు తూకం వేసి, “మల్లేశన్న మాలంటే చూడనక్కర్లేదు,” అని నేరుగా లోపలికి పంపారు.

*

కొత్త శిక్షణ మొదలైంది. మహేశ్వరం నుంచి, కొత్తూరు నుంచి రైతులొచ్చారు. రేకుల షెడ్డులో చాపలు పరిచారు. పాత గ్రూపువాళ్లు వెనుక కూర్చున్నారు. మల్లేశ్వర్ ముందర మందుపంపు, నీళ్ల బకెట్లు, చేతితొడుగులు. పంపు ఎట్లా కడగాలో చూపించడం ప్రతిసారీ అతని వంతే.

అతను చేతితొడుగులు వేసుకుంటూ ఉండగా తలుపు దగ్గర ఈరమ్మ కనిపించింది. ఉతికిన చీర కట్టుకుంది. వెనుక అరుణ.

“రండమ్మా, రండి,” అని మాధవీలత ఎదురుపోయింది. అందరివైపూ తిరిగి నవ్వింది. “నేను వంద మాటలు చెప్పినా, అనుభవం ఉన్నవాళ్లు ఒక్క మాట చెబితే మనసుకు ఎక్కుతుందండీ. ఈ అక్కగారు ఒక పొరపాటు చేశారు. మీరు ఆ పొరపాటు చేయకూడదని తానే వచ్చి చెబుతానన్నారు. అది చాలా పెద్ద మనసు.”

మల్లేశ్వర్‌కు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. అరుణ వైపు చూశాడు. అరుణ చూపు తిప్పుకోలేదు.

ఈరమ్మ ముందుకొచ్చి నిలబడింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగు వేళ్లకు చుట్టుకుంది. కొత్త రైతులు, ఎవరో పరాయి మగవాళ్లు, ఆమెను ఎగాదిగా చూస్తున్నారు. ఒకతను పక్కవాడి చెవిలో ఏదో అన్నాడు. ఇద్దరూ నవ్వారు.

“నా పేరు ఈరమ్మ,” అంది. “నాకు సదువు రాదు. మా తమ్ముడు మంచిగనే నేర్పిండు. నేనే ఇనలే.”

ఆగింది. కొంగు విప్పి మళ్లీ చుట్టుకుంది.

“ఆశకు పోయి పాడుమందు కొట్టిన. గ్రూపుకు మాట తెచ్చిన. మీరు గట్ల జెయ్యకుర్రి. మా తమ్ముడసుంటోళ్లు చెప్తే ఇనుర్రి...”

“నేను కొట్టిన,” అన్నాడు మల్లేశ్వర్.

ఆ క్షణమే షెడ్డు మీదుగా విమానం దిగింది. రేకులు గడగడలాడాయి. అతని పెదాలు కదలడం చూశారు గానీ మాట ఎవరికీ వినపడలేదు. అందరూ అలవాటు ప్రకారం మోత తగ్గేదాకా ఆగారు.

మళ్లీ చెప్పాలి. ఒకసారి తెగించి అన్న మాటను, అందరూ నిశ్శబ్దంగా తనవైపే చూస్తుండగా, మళ్లీ మొదటినుంచి అనాలి.

“ఏమన్నారు మల్లేశ్వర్ గారూ?”

“మందు కొట్టింది అక్క గాదు మేడం. నేను. నా తోటల కొట్టిన. పంపు కడగకుంట ఆమెకిచ్చిన. ఆమె అండ్లనే కషాయం పోస్కున్నది.”

వెనుక ఈశ్వరయ్య లేచి నిలబడ్డాడు.

మాధవీలత ముఖం పాలిపోయింది. ఆమె ముందు కొత్త రైతుల వైపు చూసింది. తరువాత పాత గ్రూపు వైపు చూసింది. ఈ మాట నిజమైతే ఏమవుతుందో ఆమెకంటే బాగా తెలిసినవాళ్లు ఎవరూ లేరు. ఆ గ్రూపును మొదటినుంచి నిలబెట్టింది ఆమే.

“మల్లేశ్వర్ గారూ,” అంది నెమ్మదిగా, ఒక్కో మాట కూడబలుక్కుంటూ. “అక్కగారిని ఇట్లా నిలబెట్టడం మీకు కష్టంగా ఉంది. నాకు అర్థమైంది. ఆవిడ మీద అభిమానంతో తప్పు మీ మీద వేసుకుంటున్నారు. అంతే కదా?”

అతను ముందున్న పంపు వైపు చూశాడు.

“అంతే కదండీ?”

“అంతే మేడం!” అన్నాడు ఈశ్వరయ్య గబగబా. “అక్క గద, పానం గుంజుతది. మల్లేశూ, ఔనను. అయిపోతది.”

“ఔనను మల్లేశన్నా,” అన్నారు వెనుకనుంచి ఇంకెవరో. అమృతమ్మ చేతులు జోడించి ఉంది.

ఔను అంటే చాలు. కొత్త రైతులు అతని మీద మరింత గౌరవంతో ఇంటికి పోతారు. అతను ఈరమ్మ వైపు చూశాడు. ఆమె కూడా తల చిన్నగా ఊపుతోంది. ఔననమనే.

“కాదు మేడం,” అన్నాడు. “నేనే. అరుణకు గూడ ఎరుకే.”

అరుణ పేరు ఎందుకు ఎత్తాడో అతనికే తెలియలేదు. తోడుకోసం ఎత్తాడేమో. అరుణ ముఖం నెత్తురు చుక్క లేకుండా అయింది. ఇప్పుడు అందరూ ఆమెను చూస్తున్నారు. దాచిన పాపంలో ఆమెకూ వాటా పెట్టాడు.

మాధవీలత ఫోన్ తీసుకుని బయటికి నడిచింది.

మల్లేశ్వర్ చేతితొడుగులు తీసేశాడు. ఈరమ్మ దగ్గరికి వచ్చాడు. కాళ్లమీద పడదామనుకున్నాడు. ఆమె వెనక్కి జరిగింది.

“నిన్నెవరు అడిగిర్రు?” అంది.

“అక్కా, నిన్ను ఇందరిల...”

“నేనొక్కదాన్ని మాట పడ్డ. పడి ఊకున్న. నీ కోసం తడిబట్టల్తోని తల్లి ముందర అబద్ధమాడిన. అది నేనే మోస్తననుకున్న. మోసేదాన్ని.” ఆమె గొంతు పెరగలేదు. “చెప్పేదుంటే గా దినం చెప్పాలె. నేను నీళ్లు పోస్కున్నప్పుడు చెప్పాలె. గిప్పుడు నీ కడుపుల బరువు దించుకున్నవ్. ఎవరి మీద దించినవో చూస్కో.”

అతను చూశాడు. ఈశ్వరయ్య చాప మీద కూలబడి ఉన్నాడు. మొన్ననే అప్పు తెచ్చి కొత్త బోరు వేయించుకున్నాడు. అమృతమ్మ జోడించిన చేతులు అట్లాగే ఒళ్లో పడి ఉన్నాయి. ఎవరూ తిట్టలేదు. ఎవరైనా తిడితే బాగుండునని అతను ఎదురుచూశాడు.

ఈరమ్మ షెడ్డు దాటి బయటికి పోయింది. అరుణ ఆమె వెంట నడిచింది. తలుపు దగ్గర ఆగి మొగుడివైపు ఒకసారి తిరిగింది. అతను కళ్లతోనే బతిమాలాడు.

“నా పేరు చెప్పేటప్పుడు జర నన్ను అడగాలె గద,” అంది. వెళ్లిపోయింది.

అతను వాళ్ల వెనకే రెండడుగులు వేశాడు.

“యాడికి?” అన్నాడు ఈశ్వరయ్య. కూర్చున్నచోటు నుంచి లేవలేదు. “ఈడనే కూసో. మేడం ఏం తెస్తదో అందరం కలిసి ఇందం.”

మల్లేశ్వర్ కూర్చున్నాడు. ముందర ఉండే తన చోట కాదు. కొత్త రైతుల నడుమ, చాప అంచున. పక్కనున్న మహేశ్వరం మనిషి కొంచెం జరిగాడు. చోటిచ్చాడో, ఎడంగా జరిగాడో తెలియలేదు.

మాధవీలత తిరిగి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఫోన్ అతని ముందుకు చాచింది.

“మా పెద్దసారు లైన్‌లో ఉన్నారు. నేను చెబితే నమ్మడం లేదు. మీ నోటితోనే వింటారట. మల్లేశ్వర్ గారూ, ఒక్క సంగతి. ఇప్పుడు మీరు ఏం చెబితే అదే లెక్క. నేను ఇక మార్చలేను.”

ఈశ్వరయ్య రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

మల్లేశ్వర్ ఫోన్ అందుకున్నాడు. అవతలినుంచి ఒక ముసలి గొంతు, విసుగ్గా, “ఎవరు మాట్లాడేది?” అని అడిగింది.